అట్ట మీది ముఖం, లోపలి గొంతు

‘శంకరాభరణం’ పాట ఎక్కడ వినబడ్డా కళ్ళ ముందు మెదిలేది సోమయాజులు ముఖమే. పాడింది బాలసుబ్రహ్మణ్యమని, ఆ సినిమా పాటకే ఆయనకు జాతీయ పురస్కారం వచ్చిందని అందరికీ తెలుసు. తెలిసినా సరే, గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది అనే ఏర్పాటుకు మనం ఎంతగా అలవాటు పడ్డామంటే అందులో వింతేమీ కనబడదు. ఇంగ్లీషు పాప్ సంగీతం చుట్టూ ఆల్బమ్ అట్టను విడమరిచి చదివే విమర్శ ఒకటి దశాబ్దాలుగా పెరిగింది. గాయని ఏ రంగు బట్ట కట్టింది, ఎటు చూస్తోంది, వెనక గోడ మీద ఏముంది, జుట్టెందుకు కత్తిరించుకుంది అని పేజీలకు పేజీలు రాస్తారు. అక్కడ ఒక సంగతి ముందే ఖాయం. అట్ట మీద ఉన్నది చాలావరకు పాడిన మనిషే. అదే విమర్శను పట్టుకుని రామన్నపేటకో, నకిరేకల్‌కో, నాగర్‌కర్నూల్‌కో వస్తే మొదటి అడుగులోనే ఆగిపోతాం. ఇక్కడ అట్ట మీద పాడినవాళ్ళు కనబడటమే అరుదు. దేవుడుంటాడు, హీరో ఉంటాడు, నాయకుడుంటాడు, అమరుడుంటాడు, ఈ మధ్య డాన్సు చేసే అమ్మాయి ఉంటోంది. పాడినవాళ్ళ పేరు సన్నక్షరాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. నల్లగొండ, పాలమూరు పాటల అట్టలను సమీక్షించాలంటే బొమ్మలో ఎవరున్నారో చూసినంత శ్రద్ధగా ఎవరు లేరో కూడా చూడాలి.

ముందు కొంచెం బయటి చరిత్ర. రికార్డుకు బొమ్మ అట్ట వేయడం మరీ పాత అలవాటేమీ కాదు. 1940లో అమెరికాలో కొలంబియా కంపెనీలో పనిచేసే అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు మొదలుపెట్టేదాకా రికార్డులు ఉత్త కాగితపు తొడుగుల్లోనో, పుస్తకంలా బైండు చేసిన సాదా అట్టల్లోనో అమ్ముడుపోయేవి. 1948లో ఎల్పీ వచ్చాక పన్నెండు అంగుళాల చదరం చిత్రకారుల చేతికి దొరికింది. 1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ అట్టతో ఆ చదరం ఒక కళ అయి కూర్చుంది. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు పేర్చిన ఆ గుంపులో మనవాళ్ళూ ఉన్నారు. జార్జ్ హారిసన్ కోరిక మీద మహావతార్ బాబాజీ, లాహిరీ మహాశయులు, శ్రీ యుక్తేశ్వర్, పరమహంస యోగానంద ముఖాలు పెట్టారు. ముందు వరుసలో నాలుగు చేతుల లక్ష్మీదేవి బొమ్మ ఒకటి నిలబెట్టారు. గాంధీ కూడా ఉండాల్సింది. భారతదేశంలో గొడవవుతుందని భయపడి ఈఎంఐ కంపెనీ పెద్దలు తీయించేశారు. అట్ట మీద ఎవరుండాలో తేల్చేది పాడేవాళ్ళొక్కరే కాదని ప్రపంచంలోకెల్లా పేరుమోసిన అట్టే చెబుతోంది.

అదే ఏడాది చివర జిమి హెండ్రిక్స్ ‘యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్’ వచ్చింది. మన బజారులో దొరికే విశ్వరూపం పటం తీసుకుని, దేవుడి తల ఉండాల్సిన చోట ఆయన తల, పక్కన బృందంలోని మిగతా ఇద్దరి తలలు వేశారు. హెండ్రిక్స్‌కు అది నచ్చలేదు. తన ఒంట్లోని అమెరికా ఆదివాసుల రక్తాన్ని తలపించే బొమ్మ ఉంటే బాగుండేదనుకున్నాడు. కంపెనీ తన దారిన తాను పోయింది. దాదాపు అర్ధశతాబ్దం గడిచాక, 2014లో, హిందువుల అభ్యంతరం మీద మలేసియా ప్రభుత్వం ఆ అట్టను నిషేధించింది. కేలెండరుగా మన గోడకు వేలాడితే పూజ అందుకునే పటం, ఇంకో దేశంలో గిటారు వాయించేవాడి తలతో అచ్చయితే నేరమైంది. అట్ట ఏ ఊళ్ళో, ఎవరి చేతిలో ఉందో చూడకుండా దానికి అర్థం చెప్పబోతే బోల్తా పడతాం.

బోల్తా పడేవాళ్ళు తక్కువేం లేరు. 1969 నాటి ‘అబ్బే రోడ్’ అట్ట మీద పాల్ మెకార్ట్నీ చెప్పుల్లేకుండా రోడ్డు దాటుతున్నాడు కాబట్టి ఆయన చచ్చిపోయాడని, వెనక ఆగిన ఫోక్స్‌వ్యాగన్ కారు నంబరు చివర ఉన్న ‘28 ఐఎఫ్’ అంటే బతికుంటే ఇరవై ఎనిమిదేళ్ళు ఉండేవని అర్థమని లోకమంతా చెప్పుకున్నారు. ఆయన ఎనభై దాటాక కూడా కచేరీలు చేస్తున్నాడు. ఆ జబ్బు ఇప్పుడు తెలుగు యూట్యూబుకూ అంటింది. ఫలానా పాప్ గాయని ఒక కన్ను మూసింది, వేళ్ళతో ముక్కోణం పట్టింది, కాబట్టి రహస్య సంఘంలో చేరిందని గంటల తరబడి వివరిస్తారు. ఇది జాతకం చెప్పే పద్ధతి. ముందే తేల్చుకున్న ఫలితానికి గ్రహాలను వెతుక్కుంటారు.

దీనికంటే పనికొచ్చే చూపు ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో ‘మిథాలజీస్’ పుస్తకంలో చూపించాడు. ‘పారిస్ మ్యాచ్’ పత్రిక అట్ట మీద ఫ్రెంచి సైనిక దుస్తుల్లో వందనం చేస్తున్న ఒక నల్లజాతి కుర్రాడి ఫొటో చూసి, ఇందులో దాగిన రహస్యమేమిటని ఆయన అడగలేదు. ఈ బొమ్మ ఏ సంగతిని మామూలు సంగతిలా కనబడేట్టు చేస్తోందని అడిగాడు. దానికి తోడు పీటర్ మాన్యుయెల్ 1993లో భారతదేశపు క్యాసెట్ల మీద రాసిన ‘క్యాసెట్ కల్చర్’ ఉంది. ఉత్తర భారతం మీద చేసిన పనే అయినా, యంత్రం చవకయితే పాట ఎవరి చేతికి పోతుందో అందులో వివరంగా ఉంది. ఈ రెండింటినీ కలిపి మన అట్టల దగ్గరికి వస్తే కొంత దారి కనబడుతుంది.

మన దేశంలో రికార్డు మీద అందరూ గుర్తుపట్టిన మొదటి బొమ్మ ఒక కుక్కది. ఫ్రాన్సిస్ బరోడ్ అనే ఆంగ్ల చిత్రకారుడు గీసిన నిప్పర్ అనే కుక్క, గ్రామఫోను కొమ్ము ముందు తలపెట్టి వింటున్న బొమ్మ. అంటే అట్టమీదికి గాయకుడి కంటే ముందు శ్రోత ఎక్కాడన్నమాట. మన పల్లెల్లో గ్రామఫోను ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఊరి జనానికి దక్కిన మొదటి అట్ట సినిమా పాటల పుస్తకానిది. టాకీసు బయట, బస్టాండులో, రైల్లో అమ్మేవాళ్ళు. పలచటి కాగితం, ఒకటి రెండు రంగులు, హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల పాట కింద ‘గానం’ అని ఒక ముక్క. ఆ బొమ్మ చాలాసార్లు పోస్టరు నుంచి దిగిందే. ‘సాక్షి’ సినిమా నుంచి మొదలుపెట్టి వేల సినిమాలకు పోస్టర్లు వేసిన ఈశ్వర్ రాసిన ‘సినిమా పోస్టర్’ పుస్తకం చదివితే, కుంచె నుంచి కత్తిరింపు ఫొటోలకు, అక్కడి నుంచి కంప్యూటరుకు ప్రచార కళ ఎలా మారుతూ వచ్చిందో అర్థమవుతుంది. బాపు, ఈశ్వర్ తరం చేతిరాతతో వేసిన అక్షరాలకు ఒక్కో సినిమాకు ఒక్కో ఒడుపు ఉండేది. తొంభైలలో డీటీపీతో పాటు అను ఫాంట్లు వచ్చాక భక్తి పాటకూ, బూతు పాటకూ, ఉద్యమ పాటకూ ఒకే అక్షరం దిక్కయింది. ఇది నా ఫిర్యాదు. అచ్చు పని చేసేవాళ్ళకు మాత్రం అది పెద్ద ఊరట.

1980లలో క్యాసెట్టు ఊళ్ళలోకి దిగాక లెక్క తిరగబడింది. రికార్డు కొట్టాలంటే పెద్ద కంపెనీ కావాలి. క్యాసెట్టు నింపడానికి ఒక గది, నాలుగు డెక్కులు చాలు. జాతరకొక క్యాసెట్టు, గుట్టకొక క్యాసెట్టు వచ్చాయి. యాదగిరిగుట్ట మెట్ల కింద, చెర్వుగట్టు జాతరలో, పాలమూరు వైపు కురుమూర్తి జాతరలో బొమ్మల దుకాణాల పక్కనే క్యాసెట్ల బల్లలు వెలిశాయి. రామన్నపేట జనానికి యాదగిరిగుట్ట, చెర్వుగట్టు రెండూ దగ్గరే కాబట్టి అక్కడ కొన్న క్యాసెట్లు ఇక్కడి ఇళ్ళలో ఇప్పటికీ సజ్జల మీద దొరుకుతాయి.

అలాంటిది ఒకటి నా దగ్గరుంది. చెర్వుగట్టు రామలింగేశ్వరుడి పాటలు. అట్ట అరచేతిలో పట్టేంత. నిలువుగా ఉండటం వల్ల గుట్ట, గోపురం, లింగం ఒకదాని కింద ఒకటి ఇమిడిపోయాయి. నిలువు అట్ట దేవుళ్ళకు కలిసొచ్చిన ఆకారం. గుట్ట మీది మూడు గుండ్లను ఫొటో నుంచి కత్తిరించి నీలం ఆకాశం మీద అతికించారు. ఆ ఆకాశం ఇక్కడిది కాదు, ఏదో హిమాలయాల కేలెండరుది, మూలన మంచు ఇంకా కనబడుతోంది. లింగం చుట్టూ పసుపు కాంతి వలయం. అడుగున మూడు గుడ్డు ఆకారపు చట్రాల్లో మూడు పాస్‌పోర్టు ఫొటోలు. మధ్యది, పెద్దది, సమర్పకుడిది. మెడలో గొలుసు, జేబులో పెన్ను. ఎడమవైపు రచయిత. కుడివైపు గాయకుడు, అందరికంటే చిన్న చట్రం. ఆడగొంతులు నాలుగు పాటల్లో వినిపిస్తాయి. అట్ట వెనక వాటికి దక్కింది ‘బృందం’ అనే ఒక్క మాట. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, వాళ్ళకు ఎంత ఇచ్చారో, అసలిచ్చారో లేదో అట్ట చెప్పదు. బార్త్ అడిగిన ప్రశ్న ఇక్కడ వేసుకుంటే జవాబు సులువు. డబ్బు పెట్టినవాడు దేవుడి పాదాల దగ్గర మధ్యలో కూర్చోవడం గుడి శిలాఫలకం మీద దాత పేరు చెక్కినంత సహజంగా కనబడేట్టు చేస్తోంది ఈ బొమ్మ.

ఒగ్గు కథలది వేరే దారి. మిద్దె రాములు, చుక్క సత్తయ్య లాంటివాళ్ళ కథ వినడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. మల్లన్న కథ, ఎల్లమ్మ కథ అందరికీ తెలిసినవే కాబట్టి ఎవరు చెప్పారన్నదే సరుకు. అక్కడ కథకుడి పేరు అట్ట మీద పెద్దక్షరాల్లోకి వచ్చింది. సినిమా ఇవ్వని గౌరవాన్ని ఒగ్గు డోలు ఇప్పించింది.

ఇక ఉద్యమ పాట. ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ నేలలో గొంతు, ముఖం, ఒంటి మీది బట్ట మూడూ ఒకే మనిషివై అట్టకెక్కింది ఉద్యమంలోనే.

ఆ బట్ట గొంగడి. దక్కన్ గొర్రె నల్ల ఉన్నిని వడికి కురుమలు నేసేది. వానకు గొడుగు, చలికి దుప్పటి, పొలం గట్టున పడక. పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాల్లో గొర్ల కాపరి భుజం మీద అది లేని రోజు ఉండేది కాదు. అది గాయకుడి గుర్తుగా మారడంలో నాటక రంగం చెయ్యి ఉంది. బి. నర్సింగరావు వాళ్ళ ఆర్ట్ లవర్స్ బృందంలోంచి 1970ల మొదట్లో జన నాట్య మండలి రూపుదిద్దుకుంది. గద్దర్ అందులోంచి వచ్చాడు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర. 1980 మార్చిలో విడుదలైన ‘మా భూమి’లో బండి యాదగిరి పాటను గద్దర్ తానే తెర మీద కనిపించి పాడాడు. నల్లగొండ సాయుధ పోరాట కాలపు పాట, ఆ పోరాటం నడుస్తున్న రోజుల్లోనే పుట్టిన గాయకుడు. సినిమాలో గొంతుకు అద్దె ముఖం పెట్టకపోవడం ఎంత అరుదో తలచుకుంటే ఆ దృశ్యం విలువ తెలుస్తుంది. తర్వాత 2011లో ఎన్. శంకర్ తీసిన ‘జై బోలో తెలంగాణ’లోనూ గద్దర్ పాట గద్దర్ ముఖంతోనే వచ్చింది.

ఆ ఆకారం పాటల పుస్తకాల మీదికి, క్యాసెట్ల మీదికి నల్లటి నీడబొమ్మగా దిగింది. ఎత్తిన చెయ్యి, వెనక్కి ఎగిరిన గొంగడి, వెనక ఎర్రటి సూర్యుడు. ఎరుపూ నలుపూ సిద్ధాంతపు రంగులే. రెండు రంగుల్లో అచ్చు చవకన్నదీ అంతే నిజం. సిద్ధాంతం, ప్రెస్సు బిల్లు ఒక్కచోట కలిసిన బొమ్మ అది. అందుకే అంత కాలం నిలిచిందని నా అనుమానం.

ఆలేరు నుంచి వచ్చిన విమలక్క ఆ గొంగడిని ఆడమనిషి భుజం మీదికి తెచ్చింది. అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య వేదికల మీద గజ్జె కట్టి, గొంగడి వేసుకుని ఆడి పాడిన ఆమె రూపానికి అంతకుముందు అచ్చులో నమూనా లేదు. సినిమా గాయనిలా చీర కొంగు సర్దుకుని మైకు ముందు నిలబడిన బొమ్మ కాదు, బతుకమ్మ ఎత్తుకున్న కేలెండరు బొమ్మా కాదు. విమలక్క ఫొటో ఉన్న అట్టను పక్కన పెట్టి మిగతావి చూడండి, ఆడవాళ్ళ కోసం అచ్చులో ఎన్ని భంగిమలు ఉన్నాయో తెలుస్తుంది. రెండో మూడో.

రామన్నపేటకు కూతవేటు దూరంలోని ఆత్మకూరు మండలంలో పుట్టి, భువనగిరిలో స్పిన్నింగు మిల్లు కార్మికురాలిగా పనిచేస్తూ పాడిన బెల్లి లలితను ఈ వరుసలో మరిచిపోలేం. 1999 మే నెలలో ఆమెను ఎంత ఘోరంగా చంపారో ఇక్కడ మళ్ళీ రాయను. ఆమె ముఖం పోస్టర్ల మీద, పుస్తకాల మీద ఊరూరా కనబడింది చంపిన తర్వాతే. బతికున్నప్పుడు వేదిక కింద నిలబడి విన్నవాళ్ళకు మాత్రమే తెలిసిన ముఖం అది.

2009 నుంచి 2014 దాకా సీడీల మీద తెలంగాణ ఉద్యమం నడిచింది. రసమయి బాలకిషన్ వాళ్ళ ధూంధాం వేదికలు, ఊరూరా ఇళ్ళలో రికార్డు చేసిన పాటలు, వందలాది అట్టలు. పది జిల్లాల పటం, చార్మినారు, కాకతీయ తోరణం, గన్‌పార్కు అమరవీరుల స్తూపం, జయశంకర్ సారు, నాయకుల వరుస. మోత్కూరు మండలం పొడిచేడుకు చెందిన కాసోజు శ్రీకాంతాచారి 2009 నవంబరు 29న ఒంటికి నిప్పంటించుకుని డిసెంబరు 3న కన్నుమూశాక ఆ చుట్టుపక్కల అట్టల మీద మంటలు కమ్ముకున్నాయి. ఆ మంటలు చాలావరకు ఫొటోషాపులో రెడీమేడుగా దొరికేవి, మాస్ సినిమా టైటిల్ వెనక మండేవే. ఒక కన్నతల్లి కడుపుకోతను చెప్పే పాటకూ, హీరో ఎంట్రీకీ ఒకే మంట వాడటం అప్పుడు ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. దూరం నుంచి చూస్తే ఇప్పుడు అనిపిస్తుంది. పాడినవాళ్ళ ముఖాలు మళ్ళీ అడుగుకు, చిన్న చట్రాల్లోకి వెళ్ళిపోయాయి. జాతర క్యాసెట్టులో సమర్పకుడు కూర్చున్న చోట స్థానిక నాయకుడు కూర్చున్నాడు.

ఈ అట్టల మీద తిరిగిన ఆడమనిషి రూపం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. తోట వైకుంఠం గీసిన, పెద్ద బొట్టు, ముదురెరుపు చీర, నిండైన ఒళ్ళు ఉన్న స్త్రీలు తెలంగాణ స్త్రీ అంటే ఇలాగే ఉంటుందనే అచ్చును తయారు చేశారు. నర్సింగరావు ‘దాసి’ సినిమాకు కళా దర్శకత్వం చేసినవాడు కూడా ఆయనే. ఇటు ఆత్మకూరు వైపు కదిరేనిగూడెం నుంచి వచ్చిన ఏలె లక్ష్మణ్ పల్లె మనుషులను నిలువెత్తున గీశాడు. 2014లో రాష్ట్ర చిహ్నం రూపొందించింది ఆయనే. వీళ్ళ బొమ్మలు గ్యాలరీల్లో ఉన్నా, వాటి నీడలు అట్టల మీద పడ్డాయి. తెలంగాణ తల్లిది ఇంకో కథ. కిరీటం, బతుకమ్మతో ఉద్యమ కాలంలో నిలిచిన రూపం స్థానంలో 2024 డిసెంబరు 9న సచివాలయంలో కిరీటం, బతుకమ్మ లేని, ఆకుపచ్చ చీర కట్టిన రూపాన్ని ప్రభుత్వం ఆవిష్కరించింది. దాని మీద వాదులాట ఇంకా ఆరలేదు. సీడీల అట్టలు పోగుచేసేవాళ్ళకు మాత్రం అది ఒక తేదీ ముద్ర లాంటిది. కిరీటం ఉందా, చేతిలో బతుకమ్మ ఉందా చూస్తే, అట్ట ఏ కాలానిదో, ఏ పక్షానిదో చాలావరకు చెప్పేయొచ్చు.

సీడీకీ యూట్యూబుకూ మధ్యలో ఒక వింత కాలం గడిచింది. దాని మీద ఎవరూ రాయలేదనిపిస్తుంది, ఎందుకంటే దానికి అట్టే లేదు. నూట యాభై పాటల ఎంపీత్రీ సీడీ మీద కనీసం పది తలలైనా ఇరికించేవాళ్ళు. దాని వెనకే మెమరీ కార్డు వచ్చింది. రామన్నపేటలాంటి మండల కేంద్రాల్లో సెల్‌ఫోన్ దుకాణంలో పదో ఇరవయ్యో ఇస్తే కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. బొమ్మ లేదు, పేరు లేదు, ఫైలు నంబరు ఉంది. గాయకుడు పూర్తిగా మాయమైన కాలం ఇదే. సరిగ్గా అప్పుడే డీజే రీమిక్సులు చేసే పిల్లలు ఒక ఉపాయం కనిపెట్టారు. పాట మధ్యలో, దరువు కాస్త ఆగిన చోట, తమ పేరూ ఊరి పేరూ రికార్డు చేసిన గొంతుతో చెప్పించారు. అట్ట లేకపోతే ఏం, సంతకాన్ని శబ్దంలోనే కలిపేశారు. పెళ్ళి బరాత్‌లో ఆ పేరు ఊరంతా మోగుతుంది. ఆ పాట మొదట పాడిన మనిషి పేరు ఆ మోతలో ఉండదు.

తెలుగులో పాప్ గాయని అన్న మాటకు నిజంగా సరిపడే అట్ట 2000 ప్రాంతంలో స్మిత ‘హాయ్ రబ్బా’తో వచ్చింది. సినిమా తారకు గొంతు అరువివ్వకుండా తన పాటకు తానే ముఖమైంది. అయితే ఆ గాలి పట్నం దాటి మెట్ట పల్లెల్లోకి పెద్దగా వీయలేదు. ఇక్కడ పాటకు కొత్త అట్ట తెచ్చింది యూట్యూబు.

యూట్యూబులో అట్ట పేరు థంబ్‌నెయిల్. నిలువు అట్ట అడ్డమైంది, పదహారుకు తొమ్మిది కొలత. గుడి గోపురానికి ఇది ఇరుకు, జంట డాన్సుకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. కుడివైపు అడుగున పాట నిడివి అంకె పడుతుంది కాబట్టి ఆ మూలన ఎవరి ముఖమూ, ఏ అక్షరమూ పెట్టరు. ఫోనులో చూస్తే బొమ్మ రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు, కాబట్టి పది తలలు ఇరికిస్తే ఒక్కటీ కనబడదు. ఒకటో రెండో ముఖాలే మిగలాలి. ఆ ముఖాలు ఎవరివి? పాటకు ఆడిన అమ్మాయిది, అబ్బాయిది. పాడినవాళ్ళవి కావు. ఎడిటింగు చేసే పిల్లలను అడిగితే, డాన్సరు ముఖం పెడితేనే జనం నొక్కుతారని మొహమాటం లేకుండా చెబుతారు. ప్లేబ్యాక్ పద్ధతి సినిమా నుంచి దిగి పల్లె పాటను కూడా ఆక్రమించింది. పదం పుట్టింది నాట్లేసే ఆడవాళ్ళ నోట, పాడింది స్టూడియోలో ఒకరు, పెదవులు కదిలించింది ఇంకొకరు.

ఆ డాన్సరు ఒంటి మీది బట్ట చూడండి. దాదాపు ప్రతి థంబ్‌నెయిల్‌లో మెరుపు లంగా ఓణీ, యంత్రం మీద నేసిన జరీ అంచు. రామన్నపేట మండలంలోనే సిరిపురం మగ్గాలున్నాయి. అటు భూదాన్ పోచంపల్లి, దాని ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇటు పుట్టపాక, దాని తేలియా రుమాలుకు 2020లో ఆ గుర్తింపు దక్కింది. ఇన్ని మగ్గాల నడుమ చిత్రీకరించే ‘పల్లె పాట’లో పల్లె నేసిన బట్ట కనబడటం గగనం. కారణం సులువే, చేనేత చీర ఖరీదెక్కువ, కెమెరా ముందు మెరుపు తక్కువ. ఇక్కత్ సన్నటి డిజైను రెండు వేళ్ళ బొమ్మలో అలుక్కుపోతుంది కూడా. గొంగడికీ ఇదే గతి. ఉద్యమ పాట థంబ్‌నెయిల్‌లో అది తప్పనిసరి వేషం, కానీ దక్కన్ నల్ల గొర్రె మందలు ఏటేటా తగ్గి, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు పెరుగుతున్నాయి. గొంగడి నేసే కురుమ ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది.

ముఖం తనదే అయిన యూట్యూబు గాయకులు లేకపోలేదు. మంగ్లీ అనంతపురం జిల్లా లంబాడా తండా బిడ్డ. వీ6 చానెల్ ‘తీన్మార్’లో తండా వేషంతో జనానికి పరిచయమై, ఏటా బతుకమ్మ పాటలకు తెలంగాణ ముఖమైంది. అద్దాల లంబాడా బట్ట నుంచి పట్టుచీర దాకా ఆమె పాటల బొమ్మలను వరుసగా పేర్చి చూస్తే, ఒక గాయని తన ముఖానికి తానే యజమానురాలు కావడం ఎలా ఉంటుందో కనబడుతుంది. ప్రాంతం గుర్తు పుట్టుకతోనే రానక్కరలేదని, పాడి సంపాదించుకోవచ్చని కూడా.

2025లో పాలమూరు కుర్రాడు రాము రాథోడ్ ‘రాను బొంబాయికి రాను’ ఊరూరా మోగింది. ఆ పేరుతోనే ఒక చరిత్ర కదులుతుంది. నాగార్జునసాగర్ కట్టినప్పటి నుంచీ పాలమూరు లేబర్ అంటే దేశమంతా ప్రాజెక్టుల్లో, భవనాల్లో మట్టి మోసే జనం. బొంబాయి బస్సు ఎక్కిన కుటుంబాలు, ముసలివాళ్ళే మిగిలిన తండాలు. ఈ పాటలో బొంబాయి ఆ బొంబాయి కాదు. ఆశలు చూపి పిలిచే మగవాడు, ఎంత చెప్పినా రానని తేల్చే ఆడది, హుషారైన జంట డాన్సు. వలసను మరిచిపోయారని తప్పు పట్టేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. తరాలపాటు కూలికి పోయిన నగరాన్ని ఆటగా మార్చి, అక్కడికి రాననే మాటను ఆడదాని నోట పెట్టడం చిన్న పనేం కాదు. పైగా పాడినవాడు తన పాటలో తానే కనబడ్డాడు.

వీటన్నిటికంటే ఆలోచింపజేసే బొమ్మ దర్శనం మొగులయ్యది. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కొద్దిమందిలో ఒకడు. 2021 సెప్టెంబరు 2న, పవన్ కల్యాణ్ పుట్టినరోజున విడుదలైన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట ఆయన గొంతుతో, ఆయన కిన్నెరతో, ఆయన ముఖంతో మొదలవుతుంది. తర్వాతే సంగీత దర్శకుడు తమన్ దరువు, హీరో. సినిమా తన పాటను పాడినవాడి ముఖానికి ఇచ్చిన కొన్ని క్షణాలవి. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో భవన నిర్మాణం దగ్గర కూలి పని చేస్తున్నాడని పత్రికలు రాశాయి. ముఖం అట్టకెక్కితే బతుకు మారుతుందని నమ్మే విమర్శకులు ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. ముఖం కనబడటం ఒక లెక్క, పాట సంపాదించే డబ్బులో వాటా ఇంకో లెక్క. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరగదు.

కొత్తగా ఇంకో మార్పు మొదలైంది. కృత్రిమ మేధతో గీయించిన థంబ్‌నెయిళ్ళు వస్తున్నాయి. డాన్సరు కూడా అక్కరలేదు, పేరూ ఊరూ లేని ఒక అందగత్తె ముఖం చాలు. నేను చూసిన ఒక బతుకమ్మ పాట బొమ్మలో తంగేడు లేదు, గునుగు లేదు, పేర్చిన పూలన్నీ గులాబీల్లాంటివే. గొంగడి మీద ఉన్ని నూలుకు బదులు ఏదో చలిదేశపు కోటు జుట్టు. అమ్మాయి కళ్ళు మాత్రం కెమెరాలోకే సూటిగా చూస్తున్నాయి. వీడియో కింద వివరాల్లో రచన, సంగీతం, ఎడిటింగు, పోస్టరు డిజైను పేర్లున్నాయి. కోరస్ అన్న చోట ‘బృందం’ అని రాసి ఉంది.